చూపుల ఖర్చు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను, ఇల్లు హనుమకొండలో. నాలుగేళ్లుగా ప్రతి శనివారం రాత్రి ఆరుగురు మిత్రులం మా మేడ మీద గదిలో కూర్చుని పోకర్ ఆడుకుంటాం. డబ్బు పెట్టం. తలా 1000 ప్లాస్టిక్ చిప్పులు పంచుకుని లెక్క నోటుబుక్కులో రాసుకుంటాం. నెలాఖరుకు అందరికంటే వెనకబడినవారు మిగతావాళ్లకు బిర్యానీ తెప్పించాలి. గడిచిన పదకొండు నెలల్లో ఎనిమిది సార్లు ఆ బిర్యానీ నేనే తెప్పించాను.

ఆట తెలియక కాదు. చదివాను, వీడియోలు చూశాను, లెక్కలు కూడా వచ్చు. కానీ ఆసు కనిపిస్తే రెండో ముక్క ఏదైనా సరే ఆడేస్తాను. ఒకే జాతి ముక్కలు రెండు వచ్చినా అంతే. మధ్యరకం జంట దొరికితే చివరిదాకా వదలను. ఒక పెద్ద చేయి పోతే తర్వాతి నాలుగైదు పంపకాలు కళ్లు మూసుకుని ఆడతాను. ముక్కలు దించేసి ఆ ఆట వదిలేసిన తర్వాత కూడా, వచ్చేది ఏమిటో తిప్పి చూపించమని పంచేవాణ్ని వేధిస్తాను. ప్రతి ఆదివారం పొద్దున ఇక మారాలని ఒట్టు పెట్టుకుంటాను. వచ్చే శనివారం రెండో గంటకే అది గాలికి పోతుంది. 2003లో అమెరికాలో ప్రపంచ పోకర్ పోటీ గెలిచిన క్రిస్ మనీమేకర్ కూడా నాలాగా లెక్కలు రాసుకునే మనిషే కదా. నాకెందుకు కుదరదు? ఇంకో మాట, ఫోనులో రోజూ సాధన చేస్తే బాగుపడతానని, వేరే రాష్ట్రంలో ఉన్నట్లు చూపించి ఆడవచ్చని ఒక మిత్రుడు అంటున్నాడు. అది మంచిదేనా?

ఒక గుమస్తా, హనుమకొండ

సమాధానం:

గుమస్తా గారూ, మీరు ఉత్తరానికి జతచేసిన మూడు నోటుబుక్కు పేజీలు నాకు ఉత్తరం కంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, కూడికల్లో ఒక్క తప్పు లేదు. ఇంత శుభ్రంగా లెక్క రాసే మనిషి అంత నిర్లక్ష్యంగా ఆడతాడంటే నమ్మడం కష్టం. అందుకే పేజీలు రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే ఒక మాట దగ్గర కన్ను ఆగింది. చివరి గడిలో, ఎందుకు పోయిందో రాసుకున్న చోట, మూడు వారాల్లో పద్నాలుగు సార్లు మీరు రాసింది ఒకటే మాట: ‘చూద్దామని పెట్టాను.’

మీరు ఉత్తరంలో ఐదు దురలవాట్లు చెప్పారు. నాకు కనిపిస్తున్నది ఒక్కటే. దాని సంగతి చెప్పే ముందు మనీమేకర్ విషయం తేల్చేస్తాను. ఆయన నిజంగానే అకౌంటెంటు. 86 డాలర్ల ఇంటర్నెట్ అర్హత పోటీలో నెగ్గి, అక్కడి నుంచి అసలు పోటీకి వెళ్లి 25 లక్షల డాలర్లు గెలిచారు. ఆ ఏడాది పోటీలో దిగినవారు 839 మంది. మిగిలిన 838 మందిలో ఎంతమంది గుమస్తాలున్నారో, వాళ్లు ఇంటికెళ్లి ఏమి చెప్పుకున్నారో ఎవరూ రాయలేదు. ఆయన్ని పక్కన పెట్టండి.

ఇప్పుడు మీ రెండో పేజీలో ఎర్ర సిరాతో గీత గీసిన ఆటకు వద్దాం. మీకు ఆఠీను ఆసు, డైమను తొమ్మిది వచ్చాయి. ముగ్గురు చెరి 20 పెట్టారు, మధ్యలో 60 చేరింది. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పడే ఐదు ముక్కల్లో మొదటి మూడు కళావరు రాణి, ఆఠీను తొమ్మిది, ఇస్పేటు నాలుగు. మీకు తొమ్మిదుల జంట కుదిరింది. ఎదురుగా ఉన్న పంతులు గారు 60 పెట్టారు, మూడో ఆయన దించేశాడు, మీరు 60 పెట్టారు. దీని మీద మీతో నాకు తగాదా లేదు. నేనైనా పెట్టేవాణ్నే. నాలుగో ముక్క డైమను రెండు. ఎవరికీ పనికొచ్చే ముక్క కాదు. పంతులు గారు 120 పెట్టారు, మీరూ పెట్టారు. ఐదో ముక్క కళావరు ఏడు. ఆయన 200, మీరు 200. తిప్పితే ఆయన దగ్గర ఇస్పేటు రాణి, ఇస్పేటు జాకీ. రాణుల జంట. ఆ ఒక్క ఆటకు మీకు పోయినవి 400 చిప్పులు.

పక్కన మీరే రాసిన మాట ఇది: ‘పంతులు ఊరికే పెట్టేవాడు కాదు, తెలుసు. అయినా చూద్దామని.’

లెక్క వచ్చన్నారు కాబట్టి లెక్కే చేద్దాం. నాలుగో ముక్క పడ్డాక 120 అడిగారు. మధ్యలో ఆయన పెట్టిందీ కలిపి 300 ఉంది. 300 కోసం 120 పెట్టాలంటే, మొత్తం 420లో 120, అంటే నూటికి దాదాపు 29 సార్లు మీరు గెలవాలి. ఆయన దగ్గర రాణి ఉంటే మిమ్మల్ని కాపాడగలిగినవి మిగిలిన రెండు తొమ్మిదులు, మూడు ఆసులు. మీకు కనిపించని 46 ముక్కల్లో ఆ ఐదే. నూటికి 11. రాణి లేకుండా ఆయన అంత పెడుతున్నాడనుకుంటే లెక్క మారుతుంది. కానీ అలా అనుకోవడానికి మీ నోటుబుక్కే ఒప్పుకోవడం లేదు.

చివరి 200 దగ్గరికి వస్తే ఇక వచ్చే ముక్కే లేదు. మధ్యలో 620 ఉంది, 200 పెట్టాలి. నాలుగింట ఒకసారి ఆయన బలం లేని ముక్కలతో బొంకుతూ ఉంటేనే మీకు గిట్టుబాటు. ఆ మూడు వారాల్లో పంతులు గారు అలా బొంకిన సందర్భాలు మీ పేజీల్లో వెతికాను. ఒకటీ దొరకలేదు. అంటే ఆ 200 మీరు గెలవడానికి పెట్టలేదు. ఒక రాణి ముఖం చూడటానికి టికెట్టు కొన్నారు.

ఇప్పుడు మీ మిగతా అలవాట్లను ఈ వెలుగులో చూడండి. ఏ ముక్క తోడున్నా ఆసును ఎందుకు ఆడతారు? ఇంకో ఆసు పడుతుందేమో చూద్దామని. ఒకే జాతి ముక్కలు ఎందుకు? ఆ జాతివే ఇంకా పడతాయేమో చూద్దామని. దించేశాక పంచేవాణ్ని వేధించేదీ అందుకే. అది మీకు పిసరంత విషయంగా కనిపించి ఉత్తరంలో చివర రాశారు, నేనైతే మొదట రాసేవాణ్ని. పైసా లాభం లేకపోయినా, ఆట మీ చేతిలోంచి వెళ్లిపోయినా, తెలియకుండా వదిలేయడం మీవల్ల కావడం లేదు. మీ జబ్బు పేరు అత్యాశ అని చాలామంది అంటారు. నాకలా అనిపించదు. అత్యాశ ఉన్నవాడు కనీసం గెలుపు కోసం పెడతాడు. మీరు సమాధానం కోసం పెడుతున్నారు.

ఇది నాకెలా తెలుసంటే, నేనూ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాణ్నే. పోకర్ మా రోజుల్లో లేదు, పదమూడు ముక్కల రమ్మీ. హనుమకొండలో లెక్కల పాఠాలు చెప్పడానికి చేరిన కొత్తలో సాయంత్రాలు ఒక మిత్రుడి ఇంటి వసారాలో చేరేవాళ్లం. మీకూ తెలిసే ఉంటుంది, మొదటే దించేస్తే 20, మధ్యలో దించితే 40, చివరిదాకా ఉండి ఓడితే 80 దాకా పడతాయి. జోకరు లేకుండా కుదిరే వరుసను లైఫ్ అనేవాళ్లం. లైఫ్ లేకుండా, జోకరు లేకుండా, నాలుగు జాతుల ముక్కలు సంతలోలా కలగలిసి వచ్చినా నేను దించేవాణ్ని కాను. ఇస్పేటు ఏడు, తొమ్మిది ఉండేవి, ఆ ఎనిమిది వస్తుందేమో అని కూర్చునేవాణ్ని. అది వచ్చేలోపు ఎవరో ఆట చూపించేవారు.

మాలో రెవెన్యూ శాఖలో పనిచేసే పెద్దాయన ఒకరు లెక్క రాసేవారు. ఒక నెల రోజుల తర్వాత ఆ కాగితం మీద నా పేరు కింద రెండు వరుసలు ఉండటం గమనించాను. మిగతా అందరికీ ఒక్కటే. రెండో వరుసలో అన్నీ అరవైలు, నలభై ఐదులు, యాభైలు. ఏమిటండీ ఇది అని అడిగితే, ‘దించాల్సిన చేత్తో కూర్చున్నప్పుడు నీకు పడ్డ దాంట్లోంచి 20 తీసేసి రాస్తున్నాను. ఆ 20 ఆటకు పోయింది. మిగిలింది చూపుల ఖర్చు’ అన్నారు. పెళ్లిచూపులకు తిరిగినంత ఖర్చు చేస్తున్నావు, సంబంధం మాత్రం కుదరడం లేదు అని కూడా అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెల మొత్తానికి నా రెండో వరుస మొదటి వరుసలో మూడింట రెండు వంతులు ఉంది. నేను ఆట రాక ఓడిపోతున్నాననుకున్నాను. ఆటలో ఓడింది మూడో వంతే.

మీ మూడు పేజీలకు నేనూ అలాంటి రెండో వరుస ఒకటి కట్టి చూశాను. చివరి ముక్క పడ్డాక, గెలిచే దారి లేదని మీరే ఒప్పుకుంటూ పెట్టిన చిప్పులు మాత్రమే కలిపాను. ఎంత వచ్చిందో చెప్పను. మీరే కట్టుకోండి, గుమస్తాకు ఇంకొకరు లెక్క చెప్పడం బాగుండదు.

అయితే ఒక అనుమానం మిమ్మల్ని పీడిస్తూనే ఉంటుంది. ఇన్ని దించేస్తూ పోతే ఇక ఆడేదేమిటి, శనివారం రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చోవాలా అని. ఇక్కడ అంకెలు కొంచెం ఓదార్పునిస్తాయి. మూడు గంటల్లో మీ బల్ల మీద 70కి పైగా పంపకాలు జరుగుతున్నాయని రాశారు, 72 అనుకుందాం. మొదటి రెండు ముక్కలూ జంటగా రావడం 17 పంపకాలకు ఒకసారి, రాత్రికి నాలుగు. రెండు ఆసులు 221కి ఒకసారి, అంటే సుమారు మూడు శనివారాలకు ఒకటి. జంట కాని ఏ రెండు ముక్కలకైనా మొదటి మూడు ముక్కల్లో జత దొరికేది మూడింట ఒకసారే. కాబట్టి ‘నాకు ముక్కలు పడటం లేదు’ అని మీరు పేజీ పైన రాసుకున్న రాత్రులు దురదృష్టపు రాత్రులు కావు. ముక్కలు పడకపోవడమే ఈ ఆటలో మామూలు.

మరి మీరు ఎన్ని ఆడుతున్నారు? ఆసు ఉన్నవన్నీ, ఒకే జాతివన్నీ, జంటలన్నీ కలిపితే నూటికి 40 అవుతాయి. 72లో 29. ఒకే జాతి మీద మీకంత మోజు ఎందుకో అర్థమవుతుంది, చూడటానికి అందంగా ఉంటాయి. కానీ చేతిలో రెండు ఒకే జాతివి ఉంటే, మొదటి మూడు ముక్కలూ అదే జాతివి పడటం సుమారు 119 సార్లకు ఒకసారి. వేరే జాతులతో పోలిస్తే ఒకే జాతి వల్ల మీ గెలుపు అవకాశం పెరిగేది నూటికి రెండు మూడు పాళ్లు. ఆ రెండు మూడు పాళ్ల కోసం రాజు, నాలుగు కలిసిన చేత్తో దిగిపోవడం, చీర అంచు బాగుందని ఇల్లు కొన్నట్లు ఉంటుంది.

ఇంకో చోట మీరు రెండు ఆసులతో ఓడిపోయిన రాత్రి గురించి మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టారు. ఒక్కరితో తలపడితే రెండు ఆసులు నూటికి 85 సార్లు గెలుస్తాయి, నిజమే. అదే ఐదుగురినీ ఆటలోకి రానిస్తే, ఎవరి ముక్కలు ఏవైనా సరే, చివరిదాకా అందరూ ఉంటే సగం సార్లు ఆసులు ఓడిపోతాయి. ఆ రాత్రి మీరు గుట్టుగా 10 చిప్పులే పెట్టి ఐదుగురినీ ఆహ్వానించారు. గట్టిగా పెంచి ఉంటే ముగ్గురైనా లేచేవారు. ఎందుకు పెంచలేదు? ఎవరి దగ్గర ఏమున్నాయో చూడాలని. మళ్లీ అదే.

నాకు వింతగా తోచేది ఏమిటంటే, పగటి పూట మీరు పనిచేసే చోట దించేయడమే వ్యాపారం. మిర్చి సీజనులో ఎనుమాముల యార్డులో తెల్లవారుజామునే వేల బస్తాలు దిగుతాయి. కొనుగోలుదారు రాశి దగ్గర ఆగి, పిడికెడు కాయలు తీసి నలిపి, రంగు చూసి, తేమ చూసి, మాట్లాడకుండా ముందుకు వెళ్లిపోతాడు. మళ్లీ ఇంకో రాశి. తేజ, వండర్‌హాట్, మొన్న 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన చపాటా, ఏదైనా సరే. పది చోట్ల ఆగి ఒక చోట ధర చెప్పేవాణ్ని చూసి పిరికివాడని మీరు ఎప్పుడైనా అనుకున్నారా? ఆ వదిలేసిన రాశి తర్వాత ఎంతకు పోయిందో తెలుసుకుని తీరాలని ఆయన మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడతాడా?

ఇంకో మనిషి కూడా మీకు తెలిసే ఉంటాడు. ఎక్కువ ధరకు కొన్నాడు, ధర పడిపోయింది. అమ్మడు. కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. నెల నెలా అద్దె కడతాడు. ‘ఇంత పెట్టాక ఇప్పుడెలా అమ్మను’ అంటాడు. ఆ మనిషి ఖాతా రాసేటప్పుడు మీకు నవ్వొస్తుందో జాలేస్తుందో నాకు తెలియదు కానీ, తొమ్మిదుల జంట మీద 120 పెట్టినప్పుడు మీరు కడుతున్నది ఆ అద్దే.

‘చూద్దాం’ అనే మాటే తమాషా అయినది. దుకాణంలో అప్పు అడగడానికి వచ్చినవాడితో మీరు చూద్దాం లెండి అంటే వాడికి లేదని అర్థమైపోతుంది. కార్యాలయాల్లో చూద్దాం అంటే పని జరగదని అర్థం. ఊరంతా లేదనడానికి వాడే మాటను మీరు మేడ మీద గదిలో మాత్రం అవునని వాడుతున్నారు. దాన్ని మళ్లీ పాత అర్థంలోకి తీసుకురావడమే మీరు చేయాల్సిన పని.

ఎలాగంటే, ఆదివారం ఒట్లు మానేయండి. అది శ్మశాన వైరాగ్యం. ఐదు అలవాట్లనూ ఒకేసారి వదిలేస్తానని ఒట్టు పెట్టుకున్నవాడు ఒక్కటి తప్పగానే మిగతా నాలుగింటినీ వదిలేస్తాడు. వచ్చే నాలుగు శనివారాలు ఒక్క చోటే కాపలా ఉండండి. ఐదో ముక్క పడ్డాక ఎదుటివారు చిప్పులు పెట్టి మీకేసి చూసే ఆ క్షణం. మిగతాదంతా మీ ఇష్టం వచ్చినట్లే ఆడండి, ఆసుతో మూడైనా ఆడండి, నేను చూడను. ఆ క్షణంలో మాత్రం చిప్పుల మీద చేయి వేసే ముందు మనసులో ఒక వాక్యం పూర్తి చేయాలి: ‘ఈయన నాకంటే తక్కువ ముక్కలతో, అంటే ఫలానా ముక్కలతో, ఇంత పెడతాడు.’ ఆ ఫలానా చోట పేరు పెట్టగలిగితే పెట్టండి, ఓడినా ఫరవాలేదు. పేరు తట్టక నోటి చివరికి ‘చూద్దాం’ వస్తే ముక్కలు బోర్లించండి.

మొదటి శనివారం తప్పుతారు. అందుకే చింతగింజలు. ఐదు తీసుకుని కుడి జేబులో వేసుకోండి. చూద్దామని పెట్టిన ప్రతిసారీ ఒకటి ఎడమ జేబులోకి మార్చండి. ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఎవరూ గమనించరు. గింజ వేళ్లకు తగిలినప్పుడు ఒక్క క్షణం ఆగుతారు, మీకు కావలసింది ఆ క్షణమే. ఐదూ ఎడమ జేబుకు చేరాయా, ఇక ఆ రాత్రికి మీరు పంచడమే తప్ప ఆడటం ఉండదు. ఎంత గెలుస్తున్నా, ఎంత పోగొట్టుకున్నా. చిప్పుల మీద పెట్టే హద్దులు మీ దగ్గర పనిచేయవని మీ పేజీలే చెబుతున్నాయి. 500 పోతే లేస్తానని రాసుకున్న రాత్రి 1400 పోగొట్టుకున్నారు, రెండుసార్లు కొత్తగా చిప్పులు తీసుకుని మరీ. ఎందుకంటే పోయిన చిప్పులు తిరిగి రావచ్చు. ఎడమ జేబులోకి వెళ్లిన గింజ తిరిగి కుడి జేబులోకి రాదు.

పెద్ద చేయి పోయాక కళ్లు మూసుకుని ఆడటం సంగతి. పోకర్ ఆడేవాళ్లు దాన్ని టిల్ట్ అంటారు, మన తిక్కకు దగ్గరి మాట. పోయిన చోటే వెతుక్కోవాలని పేకాట బల్లల దగ్గర పాతకాలం నుంచీ ఒక మాట ఉంది. ఉంగరం పోతే ఆ మాట నిజం. పంపకం అయిపోయి ముక్కలు కలిపేశాక పోయిన చోటు ఎక్కడుంది? ధర్మరాజు రెండోసారి జూదానికి కూర్చున్న కథ ఇక్కడ చెప్పవచ్చు, కానీ ఆయన్ని ఈ విషయంలో ప్రతివారూ పీక్కుతింటారు, వదిలేద్దాం. మీకు పనికొచ్చేది చిన్నది. 200కు మించి పోయిన వెంటనే లేచి కిందికి వెళ్లి అందరికీ మంచినీళ్లు తీసుకురండి. మేడ మెట్లు దిగి, కుండలో చెంబు ముంచి, మళ్లీ ఎక్కేసరికి రెండు పంపకాలు అయిపోతాయి. ఆ కాస్త సేపటికి తిక్క కొంతైనా దిగుతుంది. మిత్రులు మిమ్మల్ని మర్యాదస్తుడనుకుంటారు కూడా.

నోటుబుక్కులో రాసే పద్ధతి మార్చండి. గెలిచింది, ఓడింది రాయడం ఈ నాలుగు వారాలు ఆపేయండి. గెలుపోటములు మనకు అబద్ధాలు చెబుతాయి. తొమ్మిదుల జంటతో 200 పెట్టిన రాత్రి పంతులు గారు ఎప్పుడూ లేనిది ఆ ఒక్కసారి బొంకి ఉంటే, మీరు ఆ ఆటకు ఎర్ర గీతకు బదులు నక్షత్రం పెట్టుకునేవారు, మరో ఏడాది పాటు తొమ్మిదుల జంటలతో బిర్యానీలు తెప్పించేవారు. వేసిన ఎత్తు మంచిదా చెడ్డదా అన్నది ముక్క తిరగక ముందే తేలిపోయి ఉంటుంది. అందుకని రెండే రాయండి. ఎన్ని గింజలు మారాయి, చూపుల ఖర్చు ఎంత.

పంతులు గారి దగ్గరికి ఒక రోజు ఆట లేనప్పుడు వెళ్లండి. చాయ్ తాగుతూ, నా మీద మీరు ఎలా ఆడతారు అని అడగండి. సిగ్గుపడకండి. ఆయన చెప్పే జవాబు నాకు ఊహకు అందుతోంది: ‘నువ్వు దించవని తెలుసు, అందుకే మంచి ముక్కలు వచ్చినప్పుడే పెడతాను, వచ్చినప్పుడు ఎక్కువ పెడతాను.’ మీ కుతూహలం మీద ఆయన నాలుగేళ్లుగా బిర్యానీ తింటున్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట వింటే నా ఉత్తరం కంటే బాగా పనిచేస్తుంది.

బిర్యానీ గురించి ఒక ముక్క. డబ్బు పెట్టడం లేదని రాశారు, సంతోషం. పెడుతున్నామని రాసి ఉంటే ఈ సమాధానం మొదటి పేరాలోనే ఆగిపోయేది. ఓడినవారు తెప్పించే బిర్యానీ పందెమా కాదా అనే వాదన మీకెందుకు? నెలకొకరు వంతులవారీగా తెప్పించండి. మిమ్మల్ని తరుముతున్న భయం కూడా కొంత తగ్గుతుంది. ఈ ఎనిమిది బిర్యానీల కసి కూడా మిమ్మల్ని ఆడిస్తోందని నా అనుమానం.

ఫోను సంగతికి నా జవాబు వద్దు. చట్టం మాట ముందు చెబుతాను. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని కూడా అందులోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. కాబట్టి వేరే రాష్ట్రంలో ఉన్నట్లు చూపించినా ఒరిగేదేమీ లేదు. పోకర్ నైపుణ్యం ఆట కదా అని మీ మిత్రుడు వాదిస్తాడు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా చెప్పిన మాట నిజమే, అది 1960ల నాటి సంగతి. ఆ వాదన ఇప్పుడు మీ ఫోనును కాపాడదు. చట్టం లేకపోయినా నేను వద్దనే అంటాను. మీ మేడ మీద గంటకు పాతిక పంపకాలు. ముక్కలు కలపాలి, పంచాలి, ఒకరు పేర్లు పెట్టాలి, ఒకరు నవ్వాలి, మధ్యలో కరెంటు పోవాలి. ఫోనులో ఇవేవీ ఉండవు, బొటనవేలు కదిపినంత వేగంగా వస్తూ ఉంటాయి. చూడకుండా ఉండలేని మనిషికి అది సాధన కాదు. ఆ మిత్రుడు నష్టపోయి మీతో చెప్పుకోలేకపోతున్నాడేమో కూడా కనుక్కోండి. అతనికైనా, మీకైనా ఆట గుర్తొచ్చి నిద్ర పట్టకపోవడం, ఇంట్లో దాచాల్సి రావడం మొదలైతే 14416కు ఫోను చేయవచ్చు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం అది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ముక్కలు దించేశాక వచ్చేది తిప్పి చూపించమనే అలవాటు మాత్రం ఈ శనివారమే మానేయండి. దానికి గింజలూ వద్దు, లెక్కలూ వద్దు. పంచేవారికి ముందే చెప్పి ఉంచండి, నేను ఎంత బతిమాలినా తిప్పవద్దని. మొదటి రాత్రి అరచేతులు దురద పెడతాయి. నాకు మూడు వారాలు పెట్టాయి. ఇస్పేటు ఎనిమిది ఎవరి దగ్గర ఉండిపోయిందో నాకు ఇప్పటికీ తెలియని రాత్రులు కొన్ని ఉన్నాయి.

నాలుగు శనివారాలు అయ్యాక ఆ పేజీలు పంపండి. గెలుపోటములు అక్కర్లేదు, గింజల లెక్క చాలు. పంతులు గారు ఏమన్నారో అది కూడా రాయండి.